హక్కు పుట్టుకతో వచ్చినదా, ప్రభుత్వము ఇచ్చినదా?

మానవునకు హక్కు ఎక్కడినుండి వచ్చుచున్నది? రాజు అనుగ్రహించినచో వచ్చునా, లేక మానవుడై జన్మించుటయే అందుకు చాలునా? ఇచ్చినవాడు తిరిగి పుచ్చుకొనగలడు గనుక ఈ ప్రశ్న పండితుల వినోదము కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పి దానిపైననే ప్రభుత్వమును నిలుపుకొన్నవి. ఆ సమాధానమును ఆచరించుటకు మాత్రము చాలకాలము వెనుదీసినవి.

1215లో ఇంగ్లండు రాజగు జాన్, ప్రభువుల ఒత్తిడికి లొంగి మాగ్నాకార్టాపై ముద్ర వేసెను. చట్టప్రకారము తీర్పు లేక స్వతంత్రుని బంధింపరాదను నియమము అందు కలదు. అయినను అది రాజు ఇచ్చిన మాటయే. మూడు నెలలు గడువకముందే రోమునందలి మతగురువగు పోపు దానిని రద్దుచేసెను. 1689లో వెలువడిన గ్రంథమున జాన్ లాక్ ఈ వరుసను తారుమారు చేసెను. ప్రాణము, స్వేచ్ఛ, ఆస్తి అనువానిపై హక్కు ప్రభుత్వమునకు పూర్వమే కలదనియు, వానిని కాపాడుకొనుటకే ప్రజలు ప్రభుత్వమును ఏర్పరచుకొనిరనియు ఆతని వాదము. హక్కు ముందు, రాజు వెనుక.

1776 జూన్ 12న వర్జీనియా అంగీకరించిన హక్కుల ప్రకటనను ప్రధానముగా రచించినవాడు జార్జ్ మేసన్. మనుష్యులందరును స్వభావముచేత సమానస్వతంత్రులని అందు వ్రాసెను. బానిసల యజమానులు ఉలిక్కిపడిరి. అంత వారి భయము తీర్చుటకై 'సంఘములో ప్రవేశించినప్పుడు' అను పదములు చేర్చబడినవి. బానిసలు సంఘములోనివారు కారని భావము! మేసన్ కూడ బానిసలు గలవాడే. మరి మూడు వారములకు వెలువడిన స్వాతంత్ర్య ప్రకటనను రచించిన జెఫర్సన్ సంగతియు అంతే.

1787లో సిద్ధమైన రాజ్యాంగమున హక్కుల పట్టిక లేదు. అది లేకపోవుట ఒక కారణముగా మేసన్ సంతకము చేయ నిరాకరించెను. హామిల్టన్ మరొక విధముగా వాదించెను: ప్రభుత్వమునకు ఇవ్వని అధికారమును నిషేధించుట ఏల? నిషేధించినచో ఆ అధికారము కలదని ఒప్పుకొన్నట్లగును గదా! ఇందు చమత్కారముతోపాటు నిజమును కలదు. వ్రాసిన హక్కులే హక్కులని, వ్రాయనివి లేవని రేపు ఎవరైన అనవచ్చును. కాగితపు గోడలను నమ్మని మాడిసన్ కూడ తుదకు 1789లో సవరణలను ప్రతిపాదించెను. 1791 డిసెంబరు 15 నాటికి పది ఆమోదము పొందినవి. వానిలో తొమ్మిదవది హామిల్టన్ శంకకు సమాధానము: కొన్ని హక్కులను పేర్కొనినంత మాత్రమున ప్రజలకు గల తక్కినవి లేవని భావింపరాదు.

ఇంతచేసియు 1790 జనాభా లెక్కలలో సుమారు 7 లక్షలమంది బానిసలుగా నమోదైరి. ఈ సవరణలు కేంద్ర ప్రభుత్వమునే బంధించును గాని రాష్ట్రములను బంధింపవని 1833లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. రాష్ట్రములను కట్టడిచేయు మార్గము 1868 నాటి పదునాలుగవ సవరణతో గాని తెరువబడలేదు.

అయినచో పుట్టుకతో వచ్చిన హక్కు అంతకాలము ఎక్కడ నుండెను? ఈ ప్రశ్నను న్యాయస్థానమున నిలిపినది చదువురాని ఒక బానిస స్త్రీ. మసాచుసెట్స్‌లోని షెఫీల్డులో జాన్ ఆష్లీ అను ధనికుని ఇంట బెట్ అను ఆమె పనిచేయుచుండెను. మానవులందరు సమానులు, స్వతంత్రులు అని 1773లో ఆ ఊరివారు చేసిన తీర్మానములను సిద్ధపరచిన సంఘమునకు ఆ ఆష్లీయే అధ్యక్షుడు. ఇంటి యజమానురాలు కాలిన పారతో తన తోబుట్టువును కొట్టబోగా బెట్ చేయి అడ్డుపెట్టి గాయపడెనని రచయిత్రి కాథరిన్ సెడ్జ్‌విక్ వ్రాసియున్నది. మనుష్యులందరు స్వతంత్రులుగను సమానులుగను జన్మించిరని 1780 నాటి రాష్ట్ర రాజ్యాంగము చెప్పుచుండెను. ఆ మాట బెట్ చెవిని బడెను. తాను మూగజంతువు కాదు గనుక ఆ చట్టము తనకును వర్తింపదా అని ఆమె కాథరిన్ తండ్రియగు న్యాయవాది థియొడోర్ సెడ్జ్‌విక్‌ను అడిగెను.

1781 ఆగస్టులో గ్రేట్ బారింగ్టన్ న్యాయస్థానపు జ్యూరీ ఆమెను, ఆమెతో వాదియైన బ్రోమ్ అను బానిసను స్వతంత్రులని నిర్ణయించి 30 షిల్లింగుల నష్టపరిహారము ఇప్పించెను. ఆష్లీ జీతమిత్తునని తిరిగి రమ్మనగా ఆమె వెళ్లలేదు. ఎలిజబెత్ ఫ్రీమన్ అని పేరు పెట్టుకొని సెడ్జ్‌విక్ ఇంట జీతమునకు పనిచేసెను. 1829లో మరణించిన ఆమె సమాధి స్టాక్‌బ్రిడ్జిలో సెడ్జ్‌విక్ కుటుంబీకుల సమాధుల నడుమ కలదు.