ఇల్లు చక్కబెట్టుకునే పని

ధ్యానభాగం: 2 రాజులు 20:1–21:3

జబ్బుపడినప్పుడు హిజ్కియా రాజుకు 39 ఏళ్లు. 25వ ఏట రాజై 29 సంవత్సరాలు ఏలాడు, అందులో చివరి 15 దేవుడు కలిపి ఇచ్చినవి గనుక ఆ లెక్క తేలుతుంది. పుండు లేచి మంచాన పడితే యెషయా ప్రవక్త వచ్చి, ఇక బతకవు, ఇల్లు చక్కబెట్టుకో అని దేవుని మాటగా చెప్పాడు. రాజు గోడవైపు తిరిగి ప్రార్థించి బోరున ఏడ్చాడు. ఆ ఏడుపును విశ్వాసలోపమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ప్రవక్త నడిమి శాల దాటకముందే, బాగుచేస్తానన్న మాటతో దేవుడు అతణ్ణి వెనక్కి పంపాడు. అంజూరపుపండ్ల ముద్ద పుండుమీద వేశారు, రాజు లేచాడు.

మన ప్రసంగాలు ఎక్కువగా ఇక్కడితో ముగుస్తాయి. మరణం వాయిదా పడింది నిజమే. ఇల్లు చక్కబెట్టుకోమన్న మాటను మాత్రం దేవుడు రద్దు చేసినట్టు ఎక్కడా లేదు.

బబులోను నుంచి దూతలు పరామర్శకు వస్తే హిజ్కియా వెండి బంగారాలు, సుగంధ ద్రవ్యాలు, ఆయుధశాల అన్నీ తిప్పి చూపించాడు. ఇవన్నీ ఒకనాడు బబులోనుకే పోతాయి, నీ సంతానంలో కొందరు అక్కడ ఊడిగం చేస్తారు అని ప్రవక్త చెబితే, తన రోజుల్లో నెమ్మది ఉంటుంది కదా అని ఊరుకున్నాడు. తన ప్రాణం కోసం అంతగా ఏడ్చినవాడు బిడ్డల కోసం ఏడ్చినట్టు రాసి లేదు. ఆయన తర్వాత రాజైనప్పుడు కొడుకు మనష్షే వయసు 12. అంటే ఆ బిడ్డ పుట్టింది దేవుడు కలిపి ఇచ్చిన ఏళ్లలోనే. తండ్రి పడగొట్టిన ఉన్నతస్థలాలను ఆ కొడుకే మళ్లీ కట్టించాడు. కొడుకు పాపాన్ని తండ్రి మెడకు చుట్టడం న్యాయం కాదు. అయినా ఒకే ఇంట్లో 12 ఏళ్లు ఉన్నారే అని మనసు కొట్టుకుంటుంది.

ఆసుపత్రి నుంచి బతికి వచ్చినవాళ్లు కృతజ్ఞత కూటం పెట్టుకుంటారు. మంచిదే. కానీ అక్కడ మంచం మీద అనుకున్నవి, తమ్ముడితో మాట కలపాలి, పొలం కాగితాలు పిల్లలకు చూపాలి, బ్యాంకులో భార్యను నామినీగా రాయించాలి, ఫలానావాళ్ల బాకీ తీర్చాలి అన్నవి, కూటం భోజనాలయ్యేసరికి మరుగున పడతాయి. చావు మాట ఎత్తితే అపశకునమంటాం. ఇవన్నీ సరిచేసుకున్నాక ఇంకో 30 ఏళ్లు బతికితే నష్టమేముంది? అప్పు లేని నిద్ర, తమ్ముడితో కలిసి తిన్న క్రిస్మస్ భోజనం, చావును తలచుకుని చేసిన పనుల వల్ల బతుకుకు దక్కినవే.

ఈ రోజే ఆఖరిదని కబురొస్తే మీకు ముందుగా ఎవరి పేరు గుర్తొస్తుందో ఒక కాగితం మీద రాయండి. సాయంత్రంలోగా ఆ మనిషికి ఫోన్ చేయండి.

ప్రార్థన: ప్రభువా, నాకు ఎన్నేళ్లు మిగిలాయో అడగను. ఇవాళ ఎవరి గడప తొక్కాలో చూపించు, వెళ్లే ధైర్యమివ్వు. పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని నీ సంగతులు చెప్పే పనిని రేపటికి నెట్టనివ్వకు. యేసు నామంలో అడుగుతున్నాను తండ్రీ, ఆమేన్.