కాగితమూ, బండి లోపలి సంగతీ

మా సత్యవేడు మండలంలో హీరో మోటార్‌సైకిళ్ల ఫ్యాక్టరీ ఉంది. కొత్త బళ్ల పక్కన బతికే మేము ఇక్కడ పాత బళ్ల పందెం గురించి రాస్తున్నాం. ఎందుకంటే అందులో మా గోడు కూడా ఉంది.

మట్టి దారిలో గుట్టల మీంచి దూకుతూ సాగే పందెం మోటోక్రాస్. 1973లో హకన్ అండర్సన్ వెనక ఒకే షాక్ అబ్జార్బర్ ఉన్న యమహా బండి మీద 250 సీసీ ప్రపంచ విజేత అయ్యాడు. ఆ తర్వాత చక్రం పైకీ కిందికీ కదిలే దూరం పెరిగిపోయింది. పాత బళ్లు వెనకబడ్డాయి. వాటికీ ఒక చోటు ఉండాలని అమెరికాలోని పాత బళ్ల సంఘం వేరే తరగతి పెట్టింది. 1974 దాకా వచ్చిన బళ్లకే చోటు. చక్రం కదలిక ముందు 7 అంగుళాలు, వెనక 4 అంగుళాలు దాటకూడదు.

తగువంతా ఇక్కడే. ఒకరి బండికి పైన పాత ట్యాంకు, లోపల కొత్త సామాను. అడిగితే “వద్దని రూల్లో ఎక్కడుంది?” అంటారు. ఇంకొకరి బండి 1974 తర్వాతది, కానీ కట్టుబడి పాతదే. ఇలాంటి దాన్ని ఆ సంఘం రానిస్తుంది. మాకది న్యాయమనిపించింది. ఏడాది ఒక గుర్తు మాత్రమే. బలమున్న దాని పక్కన బలం లేనిది నలిగిపోకూడదన్నదే అసలు రూలు.

ఒకసారి మేము పిల్లల్ని అండర్-14 ఆటలకు తీసుకెళ్లాం. మా యానాది పిల్లవాడొకడు చెరువు తెగిన ఏడాది పుట్టాడని వాళ్లమ్మకు తెలుసు. లెక్కేస్తే పదమూడేళ్లు. పుట్టిన తేదీ పత్రం లేదని వాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టారు. అవతల మీసాలొచ్చినవాడు పత్రం చూపించి ఆడాడు. తనిఖీలో రూలు తప్పలేదు. న్యాయం తప్పింది.

ఇంటికొస్తూ మేమూ అనుకున్నాం, ఈసారి మనమూ ఒక పెద్ద పిల్లవాడి తేదీ దిద్దిస్తే పోదా అని. అందరూ చేసేదేగా! కానీ అలా చేస్తే గట్టు మీద కూర్చునేది ఎవరు? మావాడిలాంటి ఇంకో పిల్లవాడే. ఆ ఆలోచన అక్కడే వదిలేశాం.

అలాగని కాగితాలే వద్దంటే ఎలా? ఎవరి నోటిమాటనైనా నమ్మితే మా ఎస్టీ సీట్లు, ఉద్యోగాలు పైవాళ్లు పట్టుకుపోతారు. దొంగ కుల పత్రాల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1994లో మాధురీ పాటిల్ కేసులో పరిశీలన కమిటీలు వేయమని కోర్టు చెప్పింది. కాగితంతో ఆగమనలేదు. సొంతూరికి వెళ్లి దేవతలు, ఆచారాలు, పెళ్లి, చావు పద్ధతులు విచారించమంది. అంటే బండి విప్పి లోపల చూడమన్నట్టే.

మేమడిగేదీ అదే. కాగితం లేనివాణ్ణి వెంటనే గెంటేయొద్దు, వాడి బతుకు చూడండి. కాగితమున్నవాణ్ణి వెంటనే నమ్మొద్దు, వాడి బతుకూ చూడండి. చూసేటప్పుడు మాలో పెద్దవాళ్లను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. పాత బండి ఏదో దాన్ని తోలినవాడికి తెలుస్తుంది కదా.