పాచిక వేసిందెవరు?

మేనకోడలు పంపిన మొదటి అధ్యాయం చదివి మామయ్య అడిగింది ఒక్కటే. "ఆ దొంగ వంతెన మీంచి ఎందుకు పడ్డాడమ్మా?"

"ఒకటి పడింది మామయ్యా."

ఇరవై ముఖాల పాచిక మీద ఒకటి పడితే ఆ ఆటలో ఇక అప్పీలు లేదు. హైదరాబాద్‌లో ఆఫీసు స్నేహితులను కూర్చోబెట్టి శనివారాలు ఆమె ఆడించే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అది. ఆటగాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. మిగతా లోకమంతా ఆమే: వానా ఆమే, కోట కాపలావాడూ ఆమే. ఎవరేం చేయదలిచినా నోటితో చెబుతారు, అది జరుగుతుందో లేదో అనుమానమైతే పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఈ ఆట బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధక్రీడల్లోంచి పుట్టింది. దండునంతా నడిపే బదులు ఒక్క మనిషిగా ఉండటం ఇందులోని కొత్తదనం.

మామయ్య చాలాకాలం ఒక వారపత్రికలో కథలు చూసిన మనిషి. ఈ ఆటేమిటో ఆయనకి తెలీదు. "ఒకటి పడింది" అనేది జవాబు కాదని మాత్రం తెలుసు.

"ఆట బల్ల దగ్గర అది జవాబే," అంది ఆమె. "వాడు పడగానే అందరం లేచి నిలబడ్డాం. ఒకమ్మాయికి కళ్లనీళ్లు కూడా తిరిగాయి. ఆ ఉద్వేగం కాగితం మీదకి తేవాలనే కదా నా బాధ!"

"కళ్లనీళ్లు పాచికని చూసి కాదు. వాణ్ని ఆడిస్తున్న కుర్రాడు మీ పక్కనే కూర్చుని ఉన్నాడు. వాడి జోకులు మీరు నెలల తరబడి విన్నారు. నాకు ఆ దొంగ పరిచయమై రెండు పేజీలు కూడా కాలేదు." కాసేపాగి ఆయనే అన్నాడు, "అవధానం చూశావు కదా. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక్కో అక్షరం వద్దంటాడు, అవధాని తప్పించుకుని ఇంకో అక్షరం వేస్తాడు. సభ ఊపిరి బిగబట్టి చూస్తుంది. అదే పద్యం పుస్తకంలో వేస్తే, ఎక్కడ ఏ అడ్డు పడిందో చదివేవాడికి తెలుస్తుందా? అక్కడ పద్యం పద్యంగా నిలవాల్సిందే."

ఆమె ఒప్పుకోలేదు. "జపాన్‌లో ఆడిన ఆటని ఆడినట్టే అచ్చేశారు మామయ్యా. జనం ఎగబడి చదివారు."

ఈ మాటలో నిజముంది. గ్రూప్ ఎస్‌ఎన్‌ఈ అనే బృందం ఆడిన ఆట 1986 నుంచి కాంప్టిక్ అనే పత్రికలో సంభాషణల రూపంలోనే వచ్చింది. వీటిని అక్కడ రీప్లేలంటారు. ఆ ఆటలో డీడ్లిట్ అనే ఎల్ఫ్ జాతి అమ్మాయిని ఆడించింది హిరోషి యమమోతో అనే మగవాడు, సైన్స్ ఫిక్షన్ రచయిత. పాఠకులకి అదేమీ అడ్డు రాలేదు సరికదా, డీడ్లిట్ జపాన్ ఫాంటసీలో అందరికీ తెలిసిన పేరైంది.

"మరి నవల రాయలేదా?"

"రాశారు, 1988లో. ఆట ఆడించిన ర్యో మిజునోయే 'రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్' రాశాడు."

"ఆ సంభాషణలే చాలితే మళ్లీ నవలెందుకు?"

ఆమె దగ్గర వెంటనే సమాధానం లేకపోయింది. ఉండాల్సింది, ఎందుకంటే ఈ చర్చకి కీలకం అక్కడుంది. రీప్లే చదివేవాడికి ఇద్దరు కనిపిస్తారు: కత్తి దూసే పాత్ర ఒకరు, పాచిక సరిగ్గా పడనందుకు విసుక్కునే ఆటగాడు ఒకరు. ఆ ఇద్దరి మధ్య తేడాలోనే సరదా అంతా. నవలలో రెండోవాడు ఉండడు. డీడ్లిట్ వెనక మనిషి లేడు, ఆమె కోపానికి కారణం ఆమెలోనే దొరకాలి.

ఈ చిక్కు అమెరికాలో మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్‌లకి ముందే తగిలింది. డ్రాగన్‌లాన్స్ ఆట పుస్తకాలు మొదట తయారయ్యాక, వాటి వెంట నడుస్తూ వాళ్లు 1984లో మొదటి నవల తెచ్చారు. ఆట దారిలోనే పోవాల్సి రావడంతో కథ ఘట్టాలు ఘట్టాలుగా ముక్కలైందని వాళ్లకే అనిపించి, తర్వాతి నవలలకి వరస తిరగేశారు: ముందు నవల, తర్వాత ఆట. అయితే ఆ నవలల్లో అందరికీ గుర్తుండిపోయిన మాంత్రికుడు రైస్ట్‌లిన్ గొంతు మాత్రం ఆట బల్ల దగ్గరే పుట్టింది. పరీక్షగా ఆడుతున్నప్పుడు టెర్రీ ఫిలిప్స్ అనే ఆటగాడు ఆ పాత్రకి బొంగురుపోయిన గుసగుసలో మాట్లాడాడు. అదే పుస్తకంలోకి ఎక్కింది.

"చూశావా," అన్నాడు మామయ్య, "బల్ల మీంచి పుస్తకంలోకి వచ్చింది మనిషి. పాచిక రాలేదు."

"పాచిక లాంటిది వచ్చిన సందర్భమూ ఉంది," అంది ఆమె. 'ది ఎక్స్‌పాన్స్' నవలలు జేమ్స్ ఎస్. ఎ. కోరీ పేరుతో రాసింది ఇద్దరు, డేనియల్ అబ్రహాం, టై ఫ్రాంక్. ఆ లోకమంతా ముందు ఫ్రాంక్ ఆడించిన ఆట. అందులో షెడ్ అనే పాత్ర ఆడుతున్న వ్యక్తి మధ్యలో మానేస్తే ఫ్రాంక్ ఆ పాత్రని చంపేశాడు. 2011లో వచ్చిన మొదటి నవల 'లెవయతన్ వేక్స్'లోనూ షెడ్ అంతే హఠాత్తుగా చస్తాడు: ఓడ గోడని చీల్చుకొచ్చిన తూటా తల తీసుకుపోతుంది. "కారణం లేదు, ముందస్తు సూచన లేదు. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. మీ లెక్కన అది తప్పు కథ కావాలి."

మామయ్య ఈసారి నెమ్మదిగా మాట్లాడాడు. "కాదు. ఆటలో మనిషి రావడం మానేశాడు, వాళ్లకి గత్యంతరం లేదు. నవలలో ఎవరు మానేశారు? ఎవరూ మానలేదు. షెడ్‌ని బతికించుకునే వీలుండీ వాళ్లు చావునే ఉంచారు. యుద్ధంలో చావుకి వరసావాయీ ఉండదని చూపడానికి అది పనికొచ్చింది కాబట్టి ఉంచారు. కాగితం మీద ప్రమాదమనేది ఉండదమ్మా, ఎవరో ఒకరు సంతకం పెట్టాలి."

"అంటే ప్రతి చావూ నా మెడకే. ఆటలో 'నేను కాదు, పాచిక' అనేదాన్ని. హాయిగా ఉండేది."

"ఎప్పుడూ పాచిక మాటే విన్నావా?"

ఆట ఆడించేవాళ్ల ముందు ఒక అట్ట తెర ఉంటుంది. దాని వెనక వేసిన పాచిక ఆటగాళ్లకి కనబడదు. పడిన అంకె ఒకటి, పైకి చెప్పేది ఒకటి కావడం అరుదేమీ కాదు. అది మోసమని కొందరు, ఆట రక్తి కట్టడానికి తప్పదని కొందరు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు.

"అంతకుముందు వారం వాడికి తగలాల్సిన బాణం తప్పించాను," అంది ఆమె. "అందరూ అలిసిపోయి ఉన్నారు, అప్పుడు చస్తే బాగోదనిపించింది."

"కథ రాయడం ఆ రోజే మొదలెట్టావు మరి. బాణం నుంచి కాపాడినదానివి వంతెన దగ్గర ఎందుకు వదిలేశావు? అదే నేనడిగింది."

"అక్కడ తెర లేదు మామయ్యా. వాడే అందరి ముందూ వేశాడు." అని, కాసేపటికి ఆమే కొనసాగించింది. "పుస్తకంలో వంతెన పాతదని వాడికి తెలిసుండాలి. తెలిసీ ఎక్కాలి. వెనక ఉన్న పిల్లదాన్ని ముందు దాటించి, ఆఖర్న."

ఇక్కడితో ఊరుకోకుండా మామయ్య అధ్యాయంలోని నాలుగు రాజ్యాల చరిత్ర, రెండు పంచాంగాలు, ఏడుగురు దేవుళ్ల మీద పడ్డాడు. ఈ విషయంలో ఆయన ఉదాహరణ ఏ ఆట పుస్తకంలోంచీ రాలేదు. 1826లో తండ్రి తెచ్చిన పన్నెండు చెక్క సిపాయిలతో బ్రాంటీ పిల్లలు మొదలెట్టిన ఆట వాళ్లు పెద్దయ్యాకా ఆగలేదు. 1845 వేసవిలో ఎమిలీ, ఆన్ యార్క్ పట్నం వెళ్లొస్తూ దారంతా తమ ఊహాద్వీపం గోండల్ పాత్రల్లా మాట్లాడుకున్నారు. అప్పటికి ఎమిలీకి ఇరవయ్యారేళ్లు. గోండల్ కవితలకి ఆమె విడిగా ఒక నోటుపుస్తకమే పెట్టుకుంది. 1846లో అక్కచెల్లెళ్ల కవితలు అచ్చుకిచ్చినప్పుడు మాత్రం వాటిలోంచి గోండల్ పేర్లు తీసేశారు. రాణులూ ఖైదీలూ పోయారు, చెరసాల మిగిలింది. మరుసటేడు ఎమిలీ నవల 'వుదరింగ్ హైట్స్' వచ్చింది.

"ఆ రాణుల పేర్లు ఆవిడకి ప్రాణమే అయ్యుంటుంది," అన్నాడు మామయ్య. "నీ పంచాంగాల్లాగే."

పంచాంగాలు తీసేయడానికి ఆమె ఒప్పుకుంది. దేవుళ్ల దగ్గర బేరం కుదరలేదు. ఆమెని నిజంగా తొలుస్తున్నది వేరే ఉంది: ఆ దొంగ మాటతీరు, ఆ జోకులు ఆడిన కుర్రాడివి. న్యూ మెక్సికోలో జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ తన రచయిత మిత్రులతో సూపర్‌వరల్డ్ అనే ఆట మైకంలో పడి, చివరికి ఆ పాత్రల్లోంచే 'వైల్డ్ కార్డ్స్' కథా సంపుటాలు తెచ్చాడు. మొదటిది 1987లో వచ్చింది. ఆటలో ఒక్కో వీరుడికి ఒక్కో రకంగా శక్తులొస్తే చెల్లింది. పుస్తకంలో నమ్మశక్యం కాదని అందరికీ మూలంగా 1946లో న్యూయార్క్ మీద పడిన ఒకే వైరస్‌ని కల్పించారు. హక్కుల సంగతీ ముందే తేల్చుకున్నారు: ఎవరి పాత్ర వారిది, ఇంకొకరు వాడుకుంటే వారి అనుమతి కావాలి, వాటా ఇవ్వాలి.

"నేనూ ఒక కాగితం రాసి అందరి సంతకాలూ తీసుకుంటాను," అంది ఆమె. "వాడు ఒప్పుకోకపోతే జోకులన్నీ తీసి, దొంగని కొత్తగా రాస్తాను."

మామయ్య నవ్వాడు. "మా పత్రికలో గొలుసు నవల వేసినప్పుడు ఈ కాగితాలేవీ లేవు. ఒకాయన ఈ వారం చంపినవాణ్ని వచ్చే వారం ఇంకొకాయన ఆస్పత్రిలో లేపి కూచోబెట్టేవాడు."

"మీరేం చేసేవారు?"

"ఏం చేస్తాం, అచ్చేసేవాళ్లం. గురువారం ప్రెస్సుకి పోవాలిగా!"