చోక్ వైరు చేసిన నేరం

కృష్ణా జిల్లాలో ఒక రైసుమిల్లు యజమానికి తండ్రి వదిలి వెళ్లిన 1972 నాటి మార్క్ 2 అంబాసిడర్ ఉంది. 2014లో ఉత్తరపారాలో ఆ కార్ల తయారీ ఆగిపోయాక దాని మీద ఆయనకు మమకారం రెట్టింపైంది. ఇంజిన్ దింపించి, బాడీ అంతా గీకించి, బోనెట్ లోపలి మూలలతో సహా మీగడ రంగు కొట్టించాడు. డబ్బుకు వెనకాడలేదు. ఇంటికొచ్చిన కొద్ది రోజులకే కారు మొరాయించింది.

లైట్లు వేస్తే ధగధగ వెలుగుతాయి. సెల్ఫ్ కొడితే మాత్రం ‘టక్’మని ఊరుకుంటుంది. బ్యాటరీ పోయిందన్నాడు ఊళ్లో మెకానిక్. కొత్తది వేశారు. ఇంకొకాయన సెల్ఫ్ మోటారు విప్పి బుష్‌లు మార్చాడు. ఈ హడావిడిలోనే డాష్‌బోర్డు కింద నుంచి పొగ. చూస్తే చోక్ వైరు కాగిపోయి, తొడుగు కరిగి ఉంది. ‘అదిగో దొంగ’ అంటూ పీకి కొత్తది వేశారు. అదీ కాలింది. మరోటి వేశారు. ఇక ఇంటిల్లిపాదీ చోక్ వైరును తిట్టుకోవడమే.

చివరికి విజయవాడ ఆటోనగర్ నుంచి ఓ పెద్దాయన్ని పిలిపించారు. ఆయన దేన్నీ విప్పలేదు. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టమన్నాడు.

‘‘లైట్లు మసకబారాయా?’’

‘‘లేదు బాబాయ్.’’

‘‘బ్యాటరీలో దమ్ము లేకపోతే ఈపాటికి గుడ్డిదీపాలయ్యేవండీ. కరెంటు ఉంది. నడిచే దారే లేదు.’’

మీటరు పుల్ల ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజిన్ మీద ఆనించి మళ్లీ కొట్టమన్నాడు. ఆ రెంటి మధ్య అర వోల్టుకు మించి తేడా ఉండకూడదు. అంకె 6 దాటింది.

ఇంజిన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. రబ్బరులోంచి కరెంటు పోదు. సెల్ఫ్ తాగే కరెంటు 100 ఆంపియర్లకు పైమాటే. అంతా తిరిగి బ్యాటరీకి చేరాలంటే ఇంజిన్‌నీ బాడీనీ కలుపుతూ జడలా అల్లిన రాగి పట్టీయే దిక్కు. ఎర్త్ పట్టీ అంటారు. పట్టీ ఉంది, బోల్టూ బిగుతుగానే ఉంది. కాకపోతే దాన్ని బిగించింది కొత్త రంగు మీద! రాజమార్గం మూసుకుపోయేసరికి కరెంటు సందులు వెతుక్కుంది. డాష్‌బోర్డు నుంచి కార్బురేటర్ దాకా వెళ్లే సన్నటి ఉక్కు తీగ దొరికింది. అదే చోక్ వైరు.

‘‘ఎర్త్ మోస్తున్నది ఇదొక్కటేనండీ. మీరు దీన్నే పట్టుకుని పీకేశారు’’ అన్నాడు పెద్దాయన. బోల్టు విప్పి, దాని కింద రంగును లోహం మెరిసేదాకా గీకి, పట్టీ బిగించి, పైన ఇంత వాసెలిన్ పూశాడు. సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకుంది.

నీతి: కాలుతున్నదల్లా తప్పు చేసిందని కాదు. పక్కవాడు వదిలేసిన బరువు మోస్తున్నదీ కావచ్చు.

ఉమ్మడి కుటుంబంలో చిన్నకోడలికి కోపమెక్కువ అంటారు. ఆఫీసులో ఫలానా గుమాస్తా చిరాకు మనిషని పేరు పడుతుంది. గుమాస్తాను బదిలీ చేయిస్తారు. ఆ కుర్చీలోకి వచ్చిన నెమ్మదస్తుడు నెల తిరక్కుండా అదే పేరు తెచ్చుకుంటాడు. అప్పుడైనా పక్క సీట్ల వైపు చూడాలా? చూడరు. పని చెయ్యని పట్టీ చల్లగా ఉంటుంది, నున్నగా రంగేసుకుని ఉంటుంది, ఎవరినీ పల్లెత్తు మాట అనదు. అలాంటి దాన్ని అనుమానించడానికి మనసొప్పదు. మీటరు పెట్టి చూడాల్సిందే.

అన్నట్టు, పెద్దాయన వెళ్తూ చోక్ వైరును ఇంకోసారి మార్పించమన్నాడు. ‘‘రోగం కుదిరింది కదా, మళ్లీ ఖర్చెందుకు?’’ అని మిల్లు యజమాని నసిగాడు.

‘‘ఎర్త్ కుదిరిందండీ. కాగిన తీగ చల్లారినంత మాత్రాన మునుపటిలా బిగుస్తుందా?’’ అని ఆయన సంచీ సర్దుకున్నాడు.