వేపచెట్టు ఎవరి సొత్తు?

ఆర్మూరు ప్రాంతమున భీమ్‌గల్ చెంత లింబాద్రిగుట్టపై శ్రీలక్ష్మీనృసింహస్వామి వెలసియున్నాడు. లింబాద్రి యనగా వేపకొండ. 'నింబ' శబ్దమే జనుల వాడుకలో 'లింబ' యైనది. నింబాచలమనియు ఈ క్షేత్రమునకు పేరు. కార్తికమాసపు జాతరకు గుట్ట నెక్కు పసుపురైతులకు స్వామివలెనే ఆ చెట్టును ఇంటిదే. పురీక్షేత్రమున జగన్నాథుని శ్రీమూర్తి వేపదారువుతోనే మలచబడును. 2015లో జరిగిన నవకళేబరమునకును వేపమ్రాకులనే వెదకి తెచ్చిరి. నోటికి చేదైన చెట్టు స్వామికి దేహమైనది!

ఉగాది పచ్చడిలో పువ్వు, పండ్లుతోముటకు పుల్ల, గాదెలలో ఎండుటాకు, అమ్మవారు పోసిన యింట మండలు. వీనిని పెద్దలు ఏ గ్రంథమును చూడకయే వాడిరి. పసుపుచేలలో దుంపను తొలుచు ఈగ నరికట్టుటకు రైతులు వేపపిండి వేయుదురు. ఐదు కిలోల గింజలపప్పును దంచి నూరు లీటర్ల నీట కలిపిన కషాయమును పురుగులపై చల్లుదురు. అందలి అజాడిరక్టిన్ అను పదార్థము పురుగునకు మేత సహింపనీయదనియు, కుబుసము విడువనీయదనియు నేటి శాస్త్రజ్ఞులు తేల్చిరి. దేశమున తయారగు యూరియాకంతకును 2015లో వేపనూనె పూత తప్పనిసరి చేయబడినది.

ఇట్టి వస్తువునకు ఒక యజమాని యుండునా? 1994లో ఐరోపా పేటెంటు కార్యాలయము, వేపనూనెతో పైరుల బూజుతెగుళ్లను అణచు పద్ధతిపై అమెరికా వ్యవసాయశాఖకును, డబ్ల్యు. ఆర్. గ్రేస్ కంపెనీకిని హక్కు నిచ్చెను. వందనా శివ మొదలగువారు ఎదురు వాదించిరి. ఒక భారతీయ కర్మాగార నిర్వాహకుడు, ఆ పని అంతకుముందే ఇచట జరిగినదని సాక్ష్యము చెప్పెను. 2000 మే నెలలో ఆ హక్కు రద్దైనది. 2005 మార్చి 8న అప్పీలును వీగిపోయినది. గాయములు మాన్పుటకు పసుపును వాడుటపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును సి.ఎస్.ఐ.ఆర్. వాదించి 1997లో రద్దు చేయించెను. తెగిన వేలిపై పసుపు అద్దుటకు ఆర్మూరు తల్లులు ఎవరి అనుమతి కోరవలెను?

శ్రమించి క్రొత్త పద్ధతి కనుగొన్నవానికి ఫలము దక్కవలదా యని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. క్రొత్త యంత్రమునకు, క్రొత్త మిశ్రమమునకు ప్రతిఫలము పొందుట ధర్మమే. తరతరముల ఎరుకను తన పేర వ్రాసికొనుట ధర్మము కాదు. శ్రీవైష్ణవ సిద్ధాంతమున సమస్తమునకు శేషి శ్రీమన్నారాయణుడొక్కడే, తక్కినవారు ధర్మకర్తలు. ధర్మకర్త ప్రసాదము స్వీకరింపవచ్చును గాని గుడికి సొంత తాళము వేయరాదు. గురువు రహస్యముగా నుపదేశించిన మంత్రార్థమును భగవద్రామానుజులు తిరుక్కోష్టియూరు గోపురమెక్కి అందరికిని వినిపించిరని సంప్రదాయము. తనకు నరకము ప్రాప్తించినను సరేయనిరి.

ఈ నీతి పరదేశపు కంపెనీలకే కాదు. శిష్యునకైనను చెప్పక మందును తనతోనే మట్టిపాలు చేయు నాటువైద్యుడును తాళము వేసినవాడే. వాకిటి వేపను ప్రహరీగోడకు అడ్డమని కొట్టించు గృహస్థుని మాట చెప్పనేల? 2021లో తెలంగాణమున వేపచెట్లు శిలీంధ్రము సోకి కొమ్మల చివరలనుండి ఎండసాగినవి. నరకవద్దు, అవి మరల చిగుర్చునని శాస్త్రజ్ఞులు చెప్పిరి. పెక్కు చెట్లు చిగిర్చినవి కూడ.