కుంగిన మనస్సు దోషియా?

కాయకమును ధర్మముగా నెంచు మన కుటుంబములలో నొక ప్రశ్న తలెత్తుచున్నది. దేహము దృఢముగా నున్నను ఉదయమున లేవజాలక, పనిలో చేయి పెట్టజాలక, పూజలో మనస్సు నిలుపజాలక కూర్చుండిపోవు వానిని మనమేమందుము? సోమరి యందుమా, భక్తి సన్నగిల్లిన దందుమా, రోగి యందుమా?

సోమరితనము దోషము, దానికి మందలింపు తగును. రోగము దోషము కాదు. దానికి చికిత్స తగును. రోగిని మందలించినచో దోషము మనదే యగును.

భేదమెట్లు తెలియును? సోమరి పని తప్పించుకొని సుఖించును. మనస్సు కుంగిన వానికి సుఖమే తెలియదు. ఇష్టమైన భోజనము రుచింపదు. పసిబిడ్డ నవ్వు కదిలింపదు. నిద్ర చెడును, లేదా మితిమీరును. తాను పనికిరానివాడనను తలపు విడువదు. ఈ స్థితి దినములో అధికభాగము, రెండు వారములకు పైగా నిలిచినచో వైద్యులు దానిని వ్యాధిగా అనుమానింతురు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారము పెద్దలలో ఇరువదింట ఒకరు జీవితమున ఎప్పుడో ఒకప్పుడు దీనికి లోనగుదురు.

లింగధారికి మనోవ్యాధి యేమని కొందరందురు. లింగధారికి జ్వరము వచ్చుట లేదా? జ్వరమునకు మందు పుచ్చుకొనుట భక్తికి లోపము కానప్పుడు దీనికి మాత్ర మేల లోపమగును? పూజ ధైర్యము నీయవచ్చును. కాని పూజలో మనస్సు నిలువకుండుటయే వ్యాధి లక్షణమైనచో, ఇంకను పూజింపుమనుట కాలు విరిగినవానిని నడువుమనుట వంటిది.

బిడ్డ పెండ్లికి అడ్డమగునని వ్యాధిని దాచు తల్లిదండ్రులు కలరు. దాచిన వ్యాధి ముదురును; చికిత్స పొందినది చాలమందిలో నయమగును. మందుల గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. వైద్యుని అడుగక మానరాదు. చావు మాట నోట వచ్చినచో, దాని గూర్చి సూటిగా అడుగుడు. అడుగుట వలన ఆ తలపు పుట్టదు. అట్టివారిని ఒంటరిగా విడువక వెంటనే ఆసుపత్రికి చేర్పుడు. ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నట్లు భావింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెప్పుచున్నది. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా తెలుగులో మాటలాడవచ్చును.

మఠములకు వచ్చు దుఃఖితులకు విభూతితో పాటు వైద్యుని చూడుమను మాటయు స్వాములు ప్రసాదింతురు గాక. గురువు నోట వచ్చిన ఆ మాట ఇంటివారి సిగ్గును పోగొట్టును.

కాయకము చేయజాలని వానిని నిందింపక, చేయి పట్టి వైద్యుని యొద్దకు తోడ్కొని పోవుడు. ఆ దినమున అదియే మన కాయకము.