దస్తావేజులో నీ పేరు

చి. ల. సౌ. మేనకోడలికి యాప్రాలు నుండి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీవు నోయిడా నుండి వ్రాసిన ఉత్తరము చేరినది. కంపెనీవారు నిన్ను హైదరాబాదు కార్యాలయమునకు బదిలీ చేయుచున్నారనియు, అల్లుడుగారు ఇంటినుండియే పని చేసికొనువారు గనుక ఆయనకును అభ్యంతరము లేదనియు, వచ్చినవెంటనే మా యాప్రాలులో ఒక ఫ్లాటు కొని స్థిరపడవలెనని మీ యిరువురి సంకల్పమనియు చదివి నేనును మీ అత్తయ్యయు మిక్కిలి సంతసించితిమి. కాని ఉత్తరపు చివర నీవు వ్రాసిన మాటలే నన్ను ఈ దీర్ఘలేఖకు పురికొల్పినవి. నీ సిబిల్ స్కోరు 660 దగ్గర నిలిచినదనియు, ఆ సంగతి తెలిసిన దినమునుండి నీకు తలవంపుగా నున్నదనియు, లోను ఇప్పించు మధ్యవర్తి నీ పేరును పూర్తిగా విడిచి రుణమును రిజిస్ట్రేషనును అల్లుడుగారి పేరుననే జరిపించుకొమ్మని సలహా చెప్పినాడనియు, తక్కువ స్కోరునకు అప్పిచ్చు బ్యాంకు ఏదో కనుగొని చెప్పుమనియు వ్రాసితివి. బ్యాంకు సంగతి తరువాత చెప్పెదను. ముందు ఆ తలవంపుల సంగతి తేల్చుకొందము.

ఆ సంఖ్య 300 మొదలు 900 వరకు నుండును. 750కి పైబడినవారిని బ్యాంకులవారు ఆదరముతో కూర్చుండబెట్టుదురు. అప్పు గడువు తేదీకి కట్టితివా, ఇచ్చిన పరిమితిలో ఎంత వాడుకొంటివి, ఎన్నాళ్లుగా నీకు ఇట్టి వ్యవహారమున్నది, ఇటీవల అప్పుకొరకు ఎందరి గడపలు త్రొక్కితివి, దాదాపుగా ఇంతమాత్రమే ఆ లెక్కలోనికి వచ్చును. మా అక్కయ్య మంచమెక్కినప్పుడు నీవు ఉద్యోగమునకు సెలవు పెట్టి చేసిన శుశ్రూష అందులో లేదు. జన్మమెత్తిన తరువాత ఒక్క రూపాయి అప్పు చేయని మీ నాన్నగారికి అసలు స్కోరే లేదు. బావగారంతటి సత్యసంధుని గూర్చి సిబిల్ సంస్థవారు చెప్పగలిగినది 'చరిత్ర లేదు' అను ముక్క ఒక్కటియే. ఇట్టి కొలబద్దను చూచి తల వంచుకొనుట అవివేకము. అయినను దానిని తృణీకరింపుమని నేను చెప్పను. ఏలయన నీవంటి దూరదేశగామినికి అది చేయు ఉపకారమొకటి కలదు, దానిని నీవు గమనింపలేదు.

పూర్వము పరపతి యనునది మనిషికి గాక ఊరికి కట్టుబడి యుండెడిది. తాత ముత్తాతలను ఎరిగిన షావుకారు నోటి మాట మీద వేయి రూపాయలిచ్చెడివాడు; ఆ మనిషియే ఉన్న ఊరు విడిచి పది ఆమడలు పోయినచో వానికి పది రూపాయలు పుట్టెడివి కావు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకును గాని, 1941లో నిజాము రాజ్యమున నెలకొన్న హైదరాబాదు స్టేట్ బ్యాంకును గాని తలచుకొనుము. ఆ బ్యాంకుల శాఖలలో మేనేజరు ఎదుట కూర్చున్న మనిషిని ముఖము చూచి, వానిని ఎరిగిన మరియొకనిని విచారించి అప్పు మంజూరు చేసిన కాలమొకటి ఉండెను. అందు వాత్సల్యమెంత యుండెనో పక్షపాతము కూడ అంతయు నుండెను. తెలిసినవాని కొడుకునకు దొరకినది తెలియనివాని కూతురునకు దొరకెడిది కాదు. 2017లో హైదరాబాదు బ్యాంకు, 2020లో ఆంధ్రా బ్యాంకు, ఆ రెండు పేర్లును పెద్ద బ్యాంకులలో విలీనమై పోయినవి. ఈలోగా 2000లో సిబిల్ పుట్టినది, 2005లో రుణ సమాచార సంస్థల చట్టము వచ్చినది, నేడు అట్టి సంస్థలు నాలుగున్నవి. మా యాప్రాలునే చూడుము. పంజాబువారు, మలయాళీలు, బీహారువారు, గఢ్వాలువారు, సైన్యమున పదవీ విరమణ చేసి ఇచ్చటనే ఇండ్లు కట్టుకొన్నవారెందరో. ఒకరి తాతను ఒకరు ఎరుగరు. ఇట్టి చోట క్రొత్తగా వచ్చినవారికి హామీగా నిలుచునది వారి వెంట వచ్చిన ఆ సంఖ్యయే. మంచి పేరును వెంట తెచ్చినట్లే పాత మరకను కూడ తెచ్చినది, అంతే, దాని స్వభావమది.

ఇక ఆ మరక సంగతి. బెంగళూరు విడిచి నోయిడా పోయినప్పుడు పాత క్రెడిట్ కార్డును మూసివేయక పోతివి. బిల్లులు పాత చిరునామాకును, సందేశములు పాత ఫోను నంబరునకును పోయినవి. సంవత్సరపు రుసుము, దానిపై వడ్డీ, ఆలస్యపు రుసుము, వానిపై మరల వడ్డీ చేరి 38,000 రూపాయలైనవి. వసూలువాడు ఫోను చేసి 20,000 కట్టినచో చాలుననగా నీవు కట్టి, బరువు దించుకొంటినని నిశ్చింతగా నుంటివి. అచ్చటనే చిక్కు వచ్చినది. బాకీ పూర్తిగా తీర్చినవారి ఖాతాకు 'క్లోజ్డ్' అని వ్రాయుదురు. బేరమాడి తగ్గించుకొన్నవారి ఖాతాకు 'సెటిల్డ్' అని వ్రాయుదురు. రెండవ మాటకు బ్యాంకువారి వ్యవహారమున అర్థము, ఈమె ఇచ్చిన మాట పూర్తిగా నిలుపుకొనలేదని. ఆ వసూలువాడు నీకీ భేదము చెప్పియుండడు. చెప్పుట వాని పని యని వాడు తలపలేదు.

కావున ఇల్లు వెదకుటకు ముందు నీవు చేయవలసినది, ఆ బ్యాంకువారికి వ్రాతమూలముగా విన్నవించి, నాడు వారు విడిచిన 18,000 రూపాయలను కట్టివేసి, బాకీ లేదను పత్రము పుచ్చుకొని, ఖాతాను 'క్లోజ్డ్'గా మార్చి తెలియజేయుడని కోరుట. చట్టరీత్యా ఆ సొమ్ము నిన్నెవ్వరును అడుగలేరు కదా, ఏల కట్టవలెనని నీ మధ్యవర్తి నవ్వవచ్చును. నవ్వనిమ్ము. ఏబది లక్షల రుణము ఇరువది యేండ్లకు నూటికి ఎనిమిదిన్నర వడ్డీకి దొరకినచో నెలకు సుమారు 43,390 రూపాయలు కట్టవలెను. స్కోరు తక్కువయని పది వడ్డీకి దొరకినచో 48,250 కట్టవలెను. నెలకు 4,860 భేదము. ఇరువది యేండ్లకు పదునొకండు లక్షల అరువది ఆరు వేలకు పైబడును. 18,000 ఎక్కడ, అది ఎక్కడ! అయినను, నిజము చెప్పవలెనన్న, లాభము లేకున్నను కట్టుమనియే నేను చెప్పెడివాడను.

పాత ఆలస్యపు గుర్తులు ఆ చెల్లింపుతో ఒక్కసారిగా చెరగిపోవు. కనీసము ఏడేండ్లపాటు ఆ చరిత్రను ఉంచుకొనవలెనని నియమమున్నది. కాని నిన్నటి ఆలస్యమున కంటె నేటి క్రమము రానురాను అధికమైన తూకము తూగును. నాలుగు సంస్థలలో ప్రతిదానినుండియు ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితముగా పొందు హక్కు నీకున్నది. తెప్పించుకొని పంక్తి పంక్తిని చదువుము. నీ నివేదికను నీవు చూచుకొనుటవలన స్కోరు తగ్గదు. ఒకే వారములో అయిదు బ్యాంకులకు దరఖాస్తు పెట్టినచో తగ్గును. నీది కాని అప్పేదైన అందు కనబడినచో ఫిర్యాదు చేయుము. ముప్పది దినములలో పరిష్కరింపనిచో దినమునకు నూరు రూపాయల చొప్పున పరిహారమీయవలెనని రిజర్వు బ్యాంకువారు 2024 నుండి నిర్బంధించిరి. డబ్బిచ్చినచో స్కోరు పెంచెదమనువారి ప్రకటనలు నీ ఫోనులోనికి తప్పక వచ్చును. నిజమైన బాకీని నివేదికనుండి తుడిచివేయు శక్తి వారిలో నెవ్వరికిని లేదు.

ఇప్పుడు ఆ మధ్యవర్తి సలహా. దానిని చదివినప్పటినుండి నాకు మనసు మనసులో లేదు. ఇంటిలో భాగస్వాములైన వారందరు రుణములోను భాగస్వాములు కావలెనని బ్యాంకులు సాధారణముగా కోరును. అందుచేత రుణమునుండి నీ పేరు తీసినచో దస్తావేజునుండి కూడ తీయవలసి వచ్చును. నెలనెల వాయిదాలో సగము నీ జీతమునుండి పోవును, ఇంటిపై నీ పేరు మాత్రముండదు. తరువాత చేర్చుకొనవచ్చుననుట సులభమే. అప్పుడు గిఫ్టు దస్తావేజు వ్రాయించి మరల స్టాంపు రుసుము కట్టవలెను, తాకట్టులో నున్న ఇంటికి బ్యాంకు అనుమతియు కావలెను. అల్లుడుగారిని శంకించి వ్రాయుచున్నానని తలపకుము. ఈ లేఖను ఆయనకు కూడ చదివి వినిపింపుము, ఆయన నాతో ఏకీభవించునని నమ్మకమున్నది. నేను శంకించునది నీ సిగ్గును. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో మగపిల్లలతో సమానముగా జన్మతః హక్కు కల్పించుచు మన రాష్ట్రమున 1986లోనే శాసనము చేసిరి. దేశమంతటికి అది 2005లో గాని రాలేదు. తల్లిదండ్రుల ఆస్తిలో శాసనము ఇచ్చిన చోటును, స్వార్జితమైన ఇంటిలో నీవు నీ చేతులార ఒక పాత కార్డు బిల్లుకొరకు వదలుకొందువా?

మా ఇరుగుననున్న బొల్లారపు కథ యొకటి ఇచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. నిజాము సొమ్ముతో, ఆంగ్లాధికారుల ఆజ్ఞలో నడచిన హైదరాబాదు కంటింజెంటు సైన్యమునకు బొల్లారము ముఖ్య స్థానము. ఆ సైన్యపు జీతములు సమయమునకు కట్టలేక నిజాము ప్రభుత్వము కుంపిణీకి బాకీపడగా, 1853లో గవర్నరు జనరలు డల్హౌసీ హయాములో బేరారును, మరికొన్ని జిల్లాలను అప్పగింపవలసి వచ్చినది. ఆ సంధి జరిగిన కొలది దినములకే దివాను సిరాజుల్ ముల్క్ కన్నుమూయగా, ఆయన అన్నదమ్ముల బిడ్డయగు సాలార్‌జంగు ఇరువది నాలుగేండ్ల ప్రాయమున ఆ పదవికి వచ్చి ఖజానాను చక్కదిద్దెను. 1857 తిరుగుబాటునాడు ఆంగ్లేయులకు చేసిన సాయమునకు ప్రతిఫలముగా 1860లో పాత బాకీని కొట్టివేసిరి, రాయచూరు ప్రాంతమును తిరిగి ఇచ్చిరి. బేరారును మాత్రమీయలేదు. దానికొరకు సాలార్‌జంగు జీవితాంతము అడుగుచునే యుండెను; 1902లో వైస్రాయి కర్జను దానిని శాశ్వతపు కౌలుగా వ్రాయించుకొనెను. బాకీ పోయినను బాకీకొరకు విడిచినది రాలేదు. నీ మధ్యవర్తికి ఈ చరిత్ర తెలియకపోవచ్చును, నీకు తెలిసియుండుట మంచిది.

తక్కువ స్కోరునకు అప్పిచ్చు సంస్థలు లేకపోలేదు. గృహరుణములే వృత్తిగా గల ప్రైవేటు సంస్థలు ఎక్కువ వడ్డీకి ఇచ్చును. చలన వడ్డీ గల గృహరుణమును ముందుగా తీర్చినచో వ్యక్తులపై అపరాధ రుసుము వేయరాదను నియమమున్నది గనుక, స్కోరు మెరుగుపడిన తరువాత తక్కువ వడ్డీ బ్యాంకునకు మార్చుకొనవచ్చుననుట నిజమే. అయితే ఆ మార్పు ఎన్నడును జరుగకున్నను ఆ హెచ్చు వాయిదాను మోయగలమని తోచినప్పుడే ఆ దారి పట్టవలెను. మరియొక లెక్క. డెబ్బది లక్షల ఫ్లాటునకు నూటికి ఎనుబదికి మించి, అనగా ఏబది ఆరు లక్షలకు మించి, అప్పీయరు. పదునాలుగు లక్షలు మీరు తేవలెను. తెలంగాణలో స్టాంపు, రిజిస్ట్రేషను కలిసి నూటికి ఏడున్నర, అనగా అయిదుంబావు లక్షలు వేరు. ఆ సొమ్ము నోయిడాలో మీ చేత లేదని నీ ఉత్తరమే చెప్పుచున్నది. దానికై యాపులలో పర్సనల్ లోను తీసికొందువేమోనని నా భయము. అట్లు చేసినచో ఒక అప్పునకు అర్హత సంపాదించుటకు మరియొక అప్పు చేసి ఆ అర్హతనే పోగొట్టుకొందువు.

అందుచేత ఒక ఏడాది మాకు దగ్గరగా అద్దెకుండుడు. ఆ ఏడాదిలో ఒక కార్డును కొద్దిగా వాడి పూర్తిగా కట్టుచుండుము, చేతిలో సొమ్ము కూడబెట్టుడు, స్కోరు దానంతట అది లేచును. యాప్రాలు కూడ దూరమునుండి తెలియు ఊరు కాదు. సైనిక ప్రాంతముల గుండా పోవు దారులలో ఏవి ఏ వేళ మూయుదురో, తిరుమలగిరి మీదుగా సికింద్రాబాదు చేరుటకు ఎంత పట్టునో, వానాకాలమున గాలి తిరిగినప్పుడు జవహర్‌నగరు చెత్తకుప్పల వాసన ఏ వీధివరకు వచ్చునో, మాబోటి ముసలివారికి ఎంతో ప్రియమైన వేకువ బూరధ్వని మీ పసివానికి నిద్రాభంగమగునో కాదో, ఇచ్చట కాపురముండియే తెలిసికొనవలెను. దారుల తగవు ఈనాటిది కాదు. 2018లో రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ కంటోన్మెంటు దారులు తెరువుడని ఆదేశించినప్పుడు ఇచ్చట పండుగయే చేసికొనిరి, తరువాత కూడ వాదములు ఆగలేదు. ఇల్లు నచ్చిన తరువాత ఆస్తిపై భారములను చూపు ఈసీయు, లింకు డాక్యుమెంట్లును, 22-ఏ నిషిద్ధ జాబితాయు, రెరా నంబరును, చెరువు నిండు నీటిమట్టపు (ఎఫ్‌టీఎల్) హద్దును మన న్యాయవాదిచేత వేరుగా చూపించెదను. బ్యాంకు న్యాయవాది చూచునది ముఖ్యముగా బ్యాంకు క్షేమమును గదా.

బయలుదేరునప్పుడు మరువక తేవలసినవి, నీ బదిలీ ఉత్తరమును, పాత కార్యాలయమున పనిచేసిన కాలమునకు జీతపు పత్రములును. క్రొత్త ఉద్యోగములో చేరినవారికంటె అదే కంపెనీలో బదిలీయైనవారిని బ్యాంకువారు నమ్ముదురు. ఆధారులోను, బ్యాంకులోను చిరునామా ఇచ్చటకు వచ్చిన నెలలోనే మార్పించుము. పాత కథ మరల జరుగరాదు. రిజిస్ట్రేషను నాటికి అల్లుడుగారు దూరముననున్నను భయము లేదు, ఆయన నివసించు చోటి సబ్ రిజిస్ట్రారు ఎదుట ధ్రువీకరింపబడిన పవరాఫ్ అటార్నీ చెల్లును. దరఖాస్తులో పాత బాకీని గూర్చి అడిగినచో ఉన్నదున్నట్లు వ్రాసి, బాకీ లేదను పత్రమును జతపరుపుము.

అద్దెకు రెండు వాటాలు చూచి ఉంచితిని. ఒకటి మా వీధిలోనే, రెండవ అంతస్తు, లిఫ్టు లేదు, యజమాని విశ్రాంత సుబేదారు, నెమ్మదస్థుడు. రెండవది సైనిక్‌పురి దిక్కున, లిఫ్టున్నది, అద్దె నాలుగు వేలు అధికము. మీ ఇంటికి వచ్చుచు పోవుచు నుండు మా అక్కయ్య మోకాళ్లను తలచినచో రెండవదే నయమని మీ అత్తయ్య అనుచున్నది. అల్లుడుగారితో ఆలోచించి, ఏది మాటాడవలెనో నెలాఖరులోగా వ్రాయుము.

ఇట్లు
నీ మామయ్య